నలుసంత లోపం

 

మన సంఘం స్వర్ణోత్సవ వేళ మీ వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పండని కార్యదర్శి గారు అడిగారు. నా పని లోహాలతో. విమాన ఇంజన్లలో వాడే టైటానియం మిశ్రలోహాన్ని శుద్ధి చేయడానికి, ఒకరితో ఒకరు పోటీపడే కంపెనీలు దేశాల హద్దులు దాటి ఎందుకు కలిసి కూర్చున్నాయో చెబుతాను.

1989 జూలై 19న అమెరికాలో డెన్వర్ నుంచి షికాగో వెళుతున్న డీసీ-10 విమానం తోకలోని ఇంజన్‌లో ఫ్యాన్ డిస్క్ గాలిలోనే పగిలింది. ఆ ముక్కలు తగిలి మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ పనిచేయకుండా పోయాయి. కెప్టెన్ ఆల్ హేన్స్ బృందం మిగిలిన రెండు ఇంజన్ల జోరు పెంచుతూ, తగ్గిస్తూ విమానాన్ని అయోవా రాష్ట్రంలోని సూ సిటీ దాకా తెచ్చింది. అందులో ఉన్న 296 మందిలో 184 మంది బతికారు. 112 మంది చనిపోయారు.

దాదాపు మూడు నెలల తరువాత డిస్క్ ముక్కలు పొలాల్లో దొరికాయి. పరీక్షిస్తే, డిస్క్ నడిమి రంధ్రం గోడలో ఒకటిన్నర మిల్లీమీటరు కూడా లేని గుంట కనిపించింది. పగులు అక్కడే మొదలై ఏళ్ల తరబడి పెరిగింది.

ఆ గుంట ఎలా వచ్చింది? బాగా వేడెక్కిన టైటానియం గాలిలోని నత్రజనిని పీల్చుకుంటుంది. నత్రజని ఎక్కువగా చేరిన చోట గాజులా పెళుసైన నలుసు ఏర్పడుతుంది. మేం దాన్ని హార్డ్ ఆల్ఫా అంటాం. టైటానియం 1668 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఈ నలుసు కరగడానికి అంతకన్నా ఎక్కువ వేడి కావాలి. బరువులో పెద్ద తేడా ఉండదు కాబట్టి ద్రవంలో తేలదు, మునగదు. మెల్లగా కరిగి కలిసిపోయేదాకా వేడి ద్రవంలో ఉంచడమే దారి. ఆ డిస్క్ కోసం 1971లో లోహాన్ని శూన్యంలో రెండుసార్లు కరిగించారు. మూడుసార్లు కరిగించాలన్న నిబంధన ఆ వెంటనే, 1972లో వచ్చింది.

ఇలాంటి నలుసు లక్షల కిలోల లోహంలో ఏ ఒకటో దొరుకుతుంది. ఒక్క కంపెనీ తన రికార్డులు మాత్రమే చూసుకుంటే ఏమీ తేలదు. అలాగని తన కొలిమిలో దొరికిన లోపాన్ని పోటీదారుకు ఎవరు చెబుతారు? ఆ మొహమాటాన్ని 112 ప్రాణాలు పోగొట్టాయి. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ చొరవతో 1990లో జెట్ ఇంజన్ టైటానియం నాణ్యతా కమిటీ ఏర్పడింది. అమెరికాకు చెందిన జీఈ, ప్రాట్ అండ్ విట్నీ, బ్రిటన్‌కు చెందిన రోల్స్ రాయిస్ వంటి పోటీదారులు అందులో కూర్చున్నాయి. లోహాన్ని కరిగించేవారు తమకు దొరికిన ప్రతి హార్డ్ ఆల్ఫా వివరాలనూ అక్కడికి పంపడం మొదలుపెట్టారు.

చల్లని రాగి తొట్టిలో లోహాన్ని పారించి కరిగించే కోల్డ్ హార్త్ పద్ధతికి కూడా ఆదరణ పెరిగింది. అందులో బరువైన మలినాలు అడుగున చిక్కుకుంటాయి, తేలికవి కరగడానికి సమయం దొరుకుతుంది. కమిటీ పోగుచేసిన లెక్కల ఆధారంగా డిస్క్ పగిలే అవకాశాన్ని అంచనా వేసే పద్ధతిని 2001లో ఎఫ్‌ఏఏ మార్గదర్శకంగా ఇచ్చింది. లోపాలు బాగా తగ్గాయి.

మనకూ ఇందులో పని ఉంది. మన హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధాని టైటానియం మిశ్రలోహాలు తయారుచేస్తోంది. అక్కడి డీఎంఆర్‌ఎల్ అభివృద్ధి చేసిన పద్ధతితో కేరళలోని చవరలో టైటానియం స్పాంజి తయారీ కర్మాగారం పెట్టారు. రేపు మన పిల్లలు ఇలాంటి చోట్ల పనిచేస్తారు, విదేశాలవారితో కలిసి పరిశోధిస్తారు. డబ్బుంటే కొలిమి కొనవచ్చు. ఎదుటివాడి లోపాల చిట్టా మాత్రం మన చిట్టా విప్పితేనే చేతికొస్తుంది.

దానికి అలవాటు పడవలసింది ఇక్కడే, బడి ప్రయోగశాలలో. పిల్లలూ, పుస్తకంలోని జవాబుకు సరిపోయేలా రీడింగులు దిద్దకండి. వచ్చిందే రాయండి. గురువులకు నా మనవి ఒకటే. లెక్క తప్పినా నిజం రాసిన రికార్డుకు ఒక మార్కు ఎక్కువే వేయండి.