రక్తబిందువు చెప్పు మాట

1897 ఆగస్టు 20వ తేదీన మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్, రోగి రక్తము త్రాగిన దోమను కోసి, దాని కడుపు గోడలో మలేరియా క్రిమిని కనుగొనెను. నాడు రక్తము నడిగిన ప్రశ్న, జ్వర మెట్లు ప్రాకునని. నేడు అన్నవాహికలోని కాన్సరును కోసి తీయుటకు ముందు వైద్యులు రక్తమును వేరొకటి అడుగుచున్నారు: ఈ రోగి కోలుకొని ఎంతకాలము నిలుచును?

తెల్లకణములలో న్యూట్రోఫిళ్లు లింఫోసైట్లకంటె మిక్కిలి హెచ్చినను, లీటరుకు సి-రియాక్టివ్ ప్రోటీను 10 మిల్లీగ్రాములు దాటినను, ఆల్బుమిన్ 35 గ్రాములకు తగ్గినను, లోపల తాపము రగులుచున్నదనియు, పోషణ క్షీణించినదనియు అనుమానింతురు. అట్టివారి ఆయుర్దాయము సగటున తక్కువని పెక్కు పరిశీలనలలో తేలినది.

అయితే శ్రోతలకు మేము మనవి చేయున దేమనగా, ఇది పలువురిని కలిపి కట్టిన లెక్కయే కాని, మన ఇంటి మనిషి నొసటి వ్రాత కాదు. పంటి చీము సైతము ఈ అంకెలను మార్చగలదు. కణితి ఎంత లోతునకు దిగినది, గ్రంథులకు ప్రాకినదా అనునవే నేటికిని పెద్ద సాక్ష్యములు. అంకె చూచి ఆశ వదలుకొనుట తగదు. రోగికి బలమైన ఆహార మందించుటకు దానిని హెచ్చరికగా గైకొనవలెను.

రక్తము జోస్యము చెప్పువరకు ఆగనేల? ముద్ద గొంతు దిగుట కష్టమైన నాడే వైద్యుని చూడుడు.