జూదానికి చట్టం – ఒక గుమాస్తా అనుభవం

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జూదాన్ని చట్టబద్ధం చేయాలా, వద్దా అన్న విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. ధర్మరాజు కథ మీకందరికీ తెలిసిందే కనుక అక్కడికి పోను. మా సెక్షన్ నుంచి మొదలుపెడతాను.

నేను జి.పి.ఎఫ్. సీటు చూసే రోజుల్లో మా ఆఫీసులో ఒక సీనియర్ అసిస్టెంటు ఉండేవారు. పేరు చెప్పను. డ్రాఫ్టింగులో ఆయనను మించినవాడు లేడు. జీతాల రోజు సాయంత్రం క్లబ్బులో రమ్మీకి కూర్చుంటే తెల్లవారేది. తరచు పి.ఎఫ్. సొమ్ముకు దరఖాస్తు పెట్టేవారు. ఒకసారి ఇంటి మరమ్మతు, ఒకసారి కుమార్తె వివాహం. ఆ అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. నాకు తెలుసు. అయినా "నిబంధనల మేరకు మంజూరు చేయవచ్చును" అని నోటు రాసి పుటప్ చేసింది నేనే. తోటి ఉద్యోగిని కాదనడమెలా అనుకున్నాను. ఆయన సర్వీసులో ఉండగానే పోయారు. ఫైనల్ పేమెంటుకు వచ్చిన ఆయన భార్య, "ఇరవై ఏడేళ్ల నౌకరీకి ఇంతేనా అన్నయ్యగారూ?" అని అడిగింది. లెడ్జరు తిప్పి చూపించాను. ప్రతి పద్దు పక్కనా నా పొట్టి సంతకం ఉంది.

ఆ ఆట చట్టవిరుద్ధమేమీ కాదు. సికిందరాబాదు క్లబ్బు ఒకదాని కేసులో, రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. ఆట మీద క్లబ్బు లాభం తీస్తే నేరం కావచ్చునని కూడా అదే తీర్పులో ఉంది. మనవాళ్లు మొదటి సగమే కంఠస్థం చేశారు. సెల్‌ఫోన్లలో పేకాట వచ్చాక తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైను పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న మీమాంస లేదు, ఆన్‌లైనులో డబ్బు పెట్టి ఆడించేది ఏదైనా కూడదు.

చట్టబద్ధం చేయాలనేవారి వాదన తీసిపారేసేది కాదు. నిషేధిస్తే ఆట చాటుకు పోతుందంటారు. హైకోర్టు ఉత్తర్వులున్నా సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడిపందేలు సాగడం చూశాం. గోవాలో కాసినోలున్నాయి, కేరళ ప్రభుత్వం 1967 నుంచి తానే లాటరీ నడుపుతోంది, పన్ను వస్తుంది కదా అంటారు. నిజమే, 2023 అక్టోబరులో ఆన్‌లైను ఆటల్లో వేసిన సొమ్ము మీద 28 శాతం జి.ఎస్.టి. వేశారు కూడా. కానీ సారా ఆదాయం చూసిన తరం మనది. 1992 ప్రాంతంలో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేచేదాకా అది బడ్జెట్టులో ఒక అంకె మాత్రమే. రాబడికి హెడ్ ఆఫ్ అకౌంటు ఉంది. ఆ ఇల్లాలికి జరిగిన నష్టం ఏ హెడ్డు కింద వేస్తారు?

నాకు ఫోను భయం ఎక్కువ. క్లబ్బుకు పోయినవాడు రాత్రి ఇంటికి రాకపోతే తెలిసేది. ఫోనులో ఆడేవాడు మన పక్క మంచం మీదే ఉంటాడు. పింఛను ఖాతాకు కలిపిన ఫోను చాలా ఇళ్లలో మనవడి చేతిలో ఉంటుంది. మా ఇంట్లోనూ ఉండేది. ఇప్పుడు తీసుకున్నాను, నెలనెలా పాస్‌బుక్కు ఎంట్రీ వేయించుకుంటున్నాను. మావాడు రెండు రోజులు ముఖం మాడ్చుకున్నాడు.

లైఫ్ సర్టిఫికెట్లు ఇవ్వడానికి వచ్చేటప్పుడు మీ పాస్‌బుక్కులు కూడా తెచ్చుకోండి. పద్దులు చూసుకోవడం రానివారికి నేను పక్కన కూర్చుని చూసిపెడతాను. సెలవు.