పల్లెకు వచ్చు విద్యార్థి – పల్లె అడుగవలసిన ప్రశ్న
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పన్నుల వసూలు గురించియు, మంచినీటి పథకముల గురించియు పెద్దలు మీకు ఇదివరకే చెప్పియున్నారు. నాకు ఒప్పగించిన విషయము మీకు కొంత విచిత్రముగా తోపవచ్చును. దూరదేశముల విద్యార్థులు ఉష్ణమండల దేశముల పల్లెలకు వచ్చి చదువుకొనుట, పని నేర్చుకొనుట అనునదే ఆ విషయము. "మా పంచాయతీకిని దీనికిని సంబంధమేమి?" అని మీరు అడుగవచ్చును. ఒక చిన్న సంగతి చెప్పి ఆ సంబంధమును చూపెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట ఉద్యోగరీత్యా నేనొక మెట్టపల్లెకు వెళ్లితిని. అంతకుముందు వేసవిలో విదేశీ విద్యార్థులు కొందరు అచ్చట నెల దినములుండి, ఇల్లిల్లు తిరిగి, ఏ విత్తనము ఎట్లు దాచెదరు, ఏ ఆకు ఏ జబ్బుకు వాడెదరు అని అడిగి వ్రాసికొని పోయిరట. చిరుధాన్యముల విత్తనములను అత్తగారి కాలమునుండి కాపాడుచున్న ఒక వృద్ధురాలు నన్ను ప్రభుత్వపు మనిషిగా గుర్తించి, "బాబూ, ఆ పిల్లలు మంచోళ్లే. మూడు రోజులు నా అరుగు మీదే కూర్చుని రాసుకున్నారు. విత్తనం పొట్లాలు కట్టి ఇస్తే పట్టుకుపోయారు. ఆ రాసుకున్నది ఏమైంది బాబూ? మళ్లీ వచ్చి ఒక్క ముక్క చెప్పినవాళ్లు లేరు" అని అడిగినది. నాయొద్ద సమాధానము లేకపోయెను. పంచాయతీ కార్యాలయములో విచారించితిని. వారు ఏ విద్యాలయమువారో, ఎవరి అనుమతితో వచ్చిరో తెలుపు కాగితము ఒక్కటియు అచ్చట లేదు.

ఆ ప్రశ్న నన్ను విడువలేదు. బయటి విద్యార్థులు విరివిగా వచ్చు దేశములలో పల్లెలు ఏమి చేయుచున్నవని చదువనారంభించితిని. అట్లు చదివి తెలిసికొనిన వానిలో కోస్టా రికా దేశపు అనుభవము మనకు ఎక్కువగా ఉపకరించునని నా అభిప్రాయము.

కోస్టా రికా మధ్య అమెరికాలో పసిఫిక్ మహాసముద్రమునకును, కరిబియన్ సముద్రమునకును నడుమనున్న చిన్న దేశము. దాని వైశాల్యము సుమారు 51,000 చదరపు కిలోమీటర్లు. అనగా తెలంగాణ రాష్ట్రములో సగముకన్న తక్కువ. జనాభా 50 లక్షలకు కొంచెము మించియున్నది. కాఫీ, అరటి, అనాస అచ్చటి ముఖ్యమైన ఎగుమతి పంటలు. ఆ దేశమువారు 1948లో సైన్యమునే రద్దు చేసికొని, ఆ నిర్ణయమును 1949 నాటి రాజ్యాంగములో వ్రాసికొనిరి. పశువుల మేతకొరకు అడవులను విచ్చలవిడిగా నరికినందున ఒకప్పుడు ఆ దేశము చాలవరకు బోడిపడినది. 1996లో చేసిన అటవీ చట్టము ప్రకారము, తన భూమిలో చెట్లను కాపాడిన రైతుకు ప్రభుత్వము సొమ్ము చెల్లించుచున్నది. ఆ సొమ్ములో కొంత భాగము పెట్రోలు, డీజిలు వంటి ఇంధనములపై వేసిన పన్నునుండి వచ్చును. నేడు ఆ దేశములో సగముకన్న ఎక్కువ భూమి తిరిగి అడవిగా నున్నది. పోయిన అడవి ఎట్లు తిరిగి వచ్చినదో చూచుటకు ప్రపంచపు విద్యార్థులు అచ్చటికి వచ్చుటలో ఆశ్చర్యము లేదు.

ఈ రాకపోకలు నిన్న మొన్న మొదలైనవి కావు. టురియాల్బా అను కొండ ఊరిలో 1942లోనే అమెరికా ఖండపు దేశములన్నింటికిని ఉమ్మడిగా ఒక వ్యవసాయ పరిశోధన, బోధన సంస్థ వెలసినది. 1963లో అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కొన్ని విశ్వవిద్యాలయములును, కోస్టా రికా విశ్వవిద్యాలయమును కలిసి ఉష్ణమండల అధ్యయన సంస్థను స్థాపించినవి. ఆ సంస్థ 1968లో సారపికీ ప్రాంతమునందలి లా సెల్వా అను అటవీ క్షేత్రమును కొని పరిశోధన కేంద్రముగా చేసినది. లా సెల్వాలో సాలుకు సగటున 4,000 మిల్లీమీటర్ల వాన కురియును. మన అనంతపురములో 600 మిల్లీమీటర్లైనను కురియవు. ఉత్తర దేశముల విద్యార్థి తన పుస్తకములో చదివిన వాన అడవిని ఆ కేంద్రములో కాలినడకను చూచును.

చదువు మాట అట్లుండగా, విద్యార్థి ఎచ్చట నివసించుననునది పల్లెవారమైన మనకు ముఖ్యము. కోస్టా రికాలో చాల కార్యక్రమములందు విద్యార్థిని ఒక కుటుంబమునకు అప్పగింతురు. అతడు నెలయో, నాలుగు నెలలో ఆ యింటిలోనే ఉండి, ఆ యింటివారు తిను అన్నము, చిక్కుడు గింజలు కలిపిన వంటకమునే తినుచు, వారి స్పానిష్ భాషను నేర్చుకొనును. ఇంటివారు పెట్టిన భోజనమునకు, ఇచ్చిన గదికి విద్యాసంస్థ లెక్కకట్టి సొమ్ము చెల్లించును. ఆ సొమ్ము చాలవరకు ఇల్లాలి చేతికే వచ్చును. మోంటెవెర్డే అను కొండ గ్రామమునందు 1986లో స్థాపింపబడిన విద్యాసంస్థ ఈ విధముగనే చుట్టుపట్ల కుటుంబములలో విద్యార్థులకు బస యేర్పాటు చేయుచు వచ్చినది. మోంటెవెర్డే పూర్వము పాడిరైతుల ఊరు. 1951లో అమెరికానుండి వచ్చి స్థిరపడిన క్వేకరు మతస్థులు అచ్చట జున్ను కర్మాగారమును పెట్టిరి. నీటి ఊటలను కాపాడుటకై కొండపై అడవిని నరుకక విడిచిరి. ఆ అడవియే నేడు విద్యార్థులకు బడి అయినది.

ఇక ఇంటర్న్‌షిప్ అనబడు పని నేర్చుకొను శిక్షణ. దీనికి మంచి ఉదాహరణము అర్త్ విశ్వవిద్యాలయము. 1986లో చట్టము మూలమున ఏర్పడి, 1990లో మొదటి విద్యార్థులను చేర్చుకొనిన ఈ వ్యవసాయ విద్యాలయము కరిబియన్ తీరపు తేమ నేలలలో, గ్వాసిమో అను చోట నున్నది. లాటిన్ అమెరికానుండియే గాక ఆఫ్రికా దేశములనుండియు యువకులు, యువతులు అచ్చటికి వచ్చుచున్నారు. పేద రైతు కుటుంబములనుండి వచ్చినవారు పలువురు విద్యార్థివేతనముతో చదువుచున్నారు. నాలుగేండ్ల చదువులో విద్యార్థి పొలములో స్వయముగా పని చేయవలెను. కొందరు జట్టుగా చేరి, విద్యాలయమువద్దనే అప్పు తీసికొని, ఒక చిన్న వ్యాపారమును నడిపి, లెక్కలు వ్రాసి, అప్పు తీర్చి చూపవలెను. చుట్టుపట్ల రైతు కుటుంబములతో కలిసి పనిచేయుటయు చదువులో భాగమే. మూడవ యేట వేరొక సంస్థలోనో, పొలములోనో కొన్ని వారములు శిక్షణ పొందవలెను. చేతికి మట్టి అంటనివానికి అచ్చట పట్టము రాదని చెప్పిన తప్పు లేదు.

ఇంతవరకు వచ్చినవారు నేర్చుకొనిన సంగతి చెప్పితిని. ఊరివారికి ఏమి మిగిలినది? 1989లో ఆ దేశమున నెలకొల్పబడిన జాతీయ జీవవైవిధ్య సంస్థ ఒక కొత్త పని చేసినది. అడవుల సమీపమున నివసించు రైతులను, గృహిణులను, అటవీ కాపలాదారులను ఎంచుకొని, కొన్ని నెలలపాటు శిక్షణ యిచ్చి, పురుగులను, మొక్కలను సేకరించి, గుర్తించి, భద్రపరచు విద్య నేర్పినది. పట్టములు లేని ఆ గ్రామీణులు జీతము తీసికొనుచు పెద్ద శాస్త్రజ్ఞులకు సహచరులుగా పనిచేసిరి. అమెరికాకు చెందిన మెర్క్ అను ఔషధ కంపెనీ 1991లో ఆ సంస్థతో ఒడంబడిక చేసికొని, నమూనాలను పరిశీలించు హక్కుకై పది లక్షల డాలర్లకు మించిన సొమ్ము ఇచ్చినది. అందులో ఒక భాగము ఆ దేశపు అడవుల రక్షణకు చేరినది. మన అడవిలో నున్నదానికి, దానిని గూర్చిన తెలివికి వెల యున్నదని ఆ చిన్న దేశము ప్రపంచమునకు చెప్పగలిగినది.

అయితే అంతయు తీపియే అని నేను చెప్పను. ఆ జీవవైవిధ్య సంస్థయే తరువాతి కాలమున ధనాభావమున చిక్కుకొని, 2015లో తన సేకరణలను జాతీయ ప్రదర్శనశాలకు అప్పగింపవలసి వచ్చినది. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణముగా సరిహద్దులు మూసినప్పుడు విద్యార్థుల రాక నిలిచిపోయినది. గది అద్దెపైననే ఆధారపడిన ఇండ్లకు రాబడి ఆగిపోయినది. అతిథి రాబడి కూరలో ఉప్పువంటిది. దానినే అన్నముగా నమ్ముకొనరాదు. వారము, పది దినములు ఉండి, ఛాయాచిత్రములు తీసికొని పోవు యాత్రలవలన ఊరికి మిగులునది స్వల్పమే. ఏ పని చూచినను, ముందుగా మాట్లాడుకొనిన చోట మేలు జరిగినది; మాట్లాడుకొననిచోట మొగమాటము, మనస్తాపము మిగిలినవి.

ఇప్పుడు మన గడపకు వత్తము. మనదియు ఉష్ణమండల దేశమే. హైదరాబాదు చెంత పటాన్‌చెరువులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ అంతర్జాతీయ పరిశోధన సంస్థకు జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ పంటలను గూర్చి నేర్చుకొనుటకై పలు దేశముల విద్యార్థులు వచ్చుచుందురు. ఆ సంస్థవారు 1975లో పల్లెల అధ్యయనము నారంభించినప్పుడు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని డోకూరును, మరియొక గ్రామమును ఎంచుకొని, పరిశోధకులను ఊరిలోనే నివసింపజేసి, రైతుల రాబడి, ఖర్చు, అప్పు, కూలి, పంట వివరములను ఏండ్ల తరబడి వ్రాయించిరి. ఆ లెక్కలను ఆధారము చేసికొని దేశదేశముల ఆర్థికశాస్త్ర విద్యార్థులు పరిశోధనలు చేసిరి. పాలమూరు రైతు చెప్పిన మాటపై దూరదేశపు విశ్వవిద్యాలయములలో పాఠములు నడచినవి. కనుక "మా ఊరికి ఎవరు వత్తురు?" అని అనుకొనవలదు. వచ్చిరి, వచ్చెదరు కూడ. వచ్చినప్పుడు పంచాయతీ చేయవలసిన పనులు అయిదు.

మొదటిది, కాగితము. విద్యార్థి ఏ విద్యాలయమువాడు, ఈ దేశములో అతనికి బాధ్యత వహించు సంస్థ ఏది, ఎన్ని దినములుండును, ఏమి నేర్చుకొనును అను వివరములతో ఒక ఉత్తరము పంచాయతీకి అందవలెను. అతని వీసా చదువుకో, శిక్షణకో తగినదేనా యని బాధ్యతగల సంస్థను అడుగవలెను. విదేశీయునికి బస యిచ్చినవారు ఆ సంగతి అధికారులకు గడువులోపల తెలియజేయుట చట్టవిధి. ఈ సంగతి బస యిచ్చు ఇంటివారికి ముందే చెప్పుడు.

రెండవది, ఇంటివారి అంగీకారము. సర్పంచి సరే యన్నంతమాత్రమున ఊరంతయు సరే యన్నట్లు కాదు. ఎవరి మాట వ్రాసికొందురో, ఎవరి ఛాయాచిత్రము తీయుదురో వారు ఒప్పుకొనవలెను. పిల్లల విషయమున తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. కాదను హక్కు ఎంత పేదవానికైనను కలదు.

మూడవది, విత్తనము, మొక్క, మూలిక. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థలోను జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండవలెను. ఊరిలోని పంటలు, చెట్లు, పశువులు, వానిని గూర్చిన ప్రజల తెలివి ఒక రిజిస్టరులో వ్రాయించుట ఆ కమిటీ పని. విదేశీయులు మన జీవవనరులను పరిశోధనకొరకు తీసికొనవలెనన్నచో చెన్నైలోనున్న జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి ముందుగా పొందవలెను. ఊరి వనరులపై నిర్ణయము చేయునప్పుడు ఆ సంస్థ స్థానిక కమిటీని సంప్రదింపవలెనని చట్టము చెప్పుచున్నది. మీ ఊరిలో ఆ కమిటీ పేరునకు మాత్రమే యున్నదా, పని చేయుచున్నదా? నేడే ఇంటికి వెళ్లి చూడుడు. నేను చెప్పిన వృద్ధురాలి విత్తనము పొట్లములలో పోయిన దినమున ఆ ఊరి కమిటీ కాగితముపైననే యుండెను.

నాలుగవది, ఖర్చు, జత. అతిథికి అన్నము పెట్టుట మన ధర్మము. నెలల తరబడి పెట్టినప్పుడు ఖర్చు తీసికొనుట తప్పు కాదు. ఎంత యనునది ముందే నిర్ణయించుకొనుడు. చదువుకొనిన ఊరి యువకునో, యువతినో ఆ విద్యార్థికి సహాయకులుగా నియమింపుడని అడుగుడు. కొలత వేయుట, లెక్క వ్రాయుట, ప్రశ్న అడుగుట మన బిడ్డలకును వచ్చును. కోస్టా రికా గ్రామీణులు నేర్చినది మనవారు నేర్వలేనిది కాదు.

అయిదవది, అన్నింటికన్న ముఖ్యమైనది, తిరిగి చెప్పుట. ఊరు విడుచుటకు ముందు విద్యార్థి తాను తెలిసికొనినది గ్రామసభలో తెలుగున చెప్పవలెను. తనకు భాష రానిచో సహాయకునిచేత చెప్పింపవలెను. చదువు ముగిసిన తరువాత వ్రాసిన దాని సారాంశము తెలుగులో ఒక ప్రతి పంచాయతీకి పంపవలెను. ఈ షరతును తీర్మానములో వ్రాసికొనుడు. నిజముగా నేర్చుకొన వచ్చినవాడు దీనికి సంతోషముగా ఒప్పుకొనును.

సోదర సోదరీమణులారా, ఇది పరదేశీయులపై అనుమానముతో చెప్పిన మాట కాదు. మన అరుగుపై కూర్చుండి, మన గంజి త్రాగి, మన ముసలివారి మాట శ్రద్ధతో వినిన విద్యార్థి తన దేశమునకు వెళ్లి మనలను గూర్చి మంచిమాట చెప్పును. అట్టి స్నేహము విలువైనది. కాని, గురువునకు దక్షిణ యిచ్చుట మన ఆచారము. పల్లె గురువైనప్పుడు పల్లెకును దక్షిణ రావలెను. ఆ దక్షిణ ధనమే కానక్కరలేదు. నేర్చుకొనినది తిరిగి చెప్పుటయే చాలవరకు సరిపోవును.

ఆ వృద్ధురాలి ప్రశ్నకు నేను నాడు సమాధానము చెప్పలేకపోయితిని. అదే ప్రశ్న రేపు మీ ఊరిలో మరియొక తల్లి అడిగినచో, పంచాయతీ బీరువానుండి ఒక తెలుగు ప్రతి తీసి, "అమ్మా, నీవు చెప్పినది ఇదిగో, ఇందులో ఉన్నది" అని మీరు చదివి వినిపింపగలరని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాను.