విందు ముగిసిన తరువాత
(శతవార్షికోత్సవ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షికోత్సవ వేళ మన పెద్దలు కట్టిన గుడులను, బడులను, ఆసుపత్రులను స్మరించుచున్నాము. అది యుక్తమే. కాని నేడు మేము గుడి వెనుకనున్న వంటపాకను గూర్చి మాట్లాడదలచితిమి.

క్రిస్మసు విందుకును, సభల దినములలోను అక్కడ గాడిపొయ్యి యొద్ద నిలుచువారెవరు? మన సంఘములోని తల్లులు, వితంతువులు, పని దొరకని యువకులు. వేయిమందికి వండగల చేతులవి. పెండ్లిళ్ల కాలములో వంట మేస్త్రీ పిలిచినచో వారికి నాలుగు దినములు పని. మూఢము వచ్చినచో నెలల తరబడి ఖాళీ.

మనము వారికేమి ఇచ్చితిమి? మీ కాపరులమైన మేమే ముందుగా ఒప్పుకొనవలెను. ఏండ్ల తరబడి ఆ పనికి పరిచర్య అని పేరుపెట్టి, మిగిలిన కూర గిన్నెలో పోసి పంపితిమి. షామియానా వానికి డబ్బిచ్చితిమి, మైకు వానికి డబ్బిచ్చితిమి. వండినవారికి వందనములు చెప్పితిమి.

"వారికి వంట వచ్చును గదా, ఇక శిక్షణ ఎందుకు?" అని కొందరడుగుదురు. వంట వచ్చుట వేరు, దానితో ఉద్యోగము చేయుట వేరు. హోటలు వంటగదిలో తూకము, వేళ, లెక్క మూడును కావలెను. కిలో ఉల్లిపాయలు ఒలిచి తరిగిన తరువాత ఎంత మిగులును, ప్లేటు ఒక్కింటికి ఖర్చెంత పడును అని చెప్పగలవానికే బాధ్యత అప్పగింతురు. పరిశుభ్రత మరియొక పాఠము. వేడి ఆహారమును 60 డిగ్రీల సెంటీగ్రేడుకు పైన, చల్లని ఆహారమును 5 డిగ్రీలకు లోపున ఉంచవలెను. మధ్యాహ్నము వండిన అన్నము రాత్రివరకు గంగాళములోనే ఉన్నచో అందులో క్రిములు పెరిగి విషము పుట్టవచ్చును. తిరిగి వేడిచేసినను ఆ విషము పోదు. మన తల్లులకు రుచి తెలియును. ఈ సంగతి వారికెవరు నేర్పిరి?

మిగిలిన కూర మాట వచ్చినది గనుక ఒక ఉదాహరణ చెప్పెదము. 1989లో అమెరికా రాజధాని వాషింగ్టనులో, అధ్యక్షుని ప్రమాణస్వీకార విందులలో మిగిలిన ఆహారమును సేకరించి, రాబర్ట్ ఎగ్గర్ అను ఆయన డి.సి. సెంట్రల్ కిచెన్ అను సంస్థను ఆరంభించెను. ఆ సంస్థ ఆహారము పంచుటతో ఆగలేదు. పని లేనివారికి, ఇల్లు లేనివారికి, చెరసాల నుండి విడుదలైనవారికి వంట వృత్తి నేర్పెను. ఆకలి తీర్చుట, పని నేర్పుట ఒకే పొయ్యి యొద్ద జరిగెను.

మన దేశములోను కేంద్ర పర్యాటక శాఖ 2009-10లో "హునర్ సే రోజ్‌గార్ తక్" పథకమును ప్రారంభించెను. ఎనిమిదవ తరగతి చదివినవారికి వంటపనిలో 8 వారములు, వడ్డన పనిలో 6 వారములు ఉచితముగా శిక్షణ ఇచ్చునట్లు ఏర్పాటు చేసిరి. పెద్ద చదువు లేనివారికి అది మంచి ద్వారము. అయితే అది యువతీయువకులను ఉద్దేశించినది. బడికి పోని నలుబదేండ్ల వితంతువు ఏ ద్వారము తట్టవలెను? ఆ ఖాళీ మనదని మేము తలంచుచున్నాము.

మన వంటపాక వారములో ఆరు దినములు ఖాళీగానే ఉండును. హోటళ్లలో పనిచేసి అనుభవము గడించినవారు మన సంఘములలో ఉన్నారు. వారానికి ఒక దినము వారు నేర్పవచ్చును. ఒక త్రాసు, ఒక ఉష్ణమాపకము, ఒక లెక్కల పుస్తకము ఉన్నచో ఆరంభింపవచ్చును. కాని సర్టిఫికెట్టు చేతిలో పెట్టి ఫోటో తీయించుకొన్నంత మాత్రమున పని ముగియదు. హోటలు యజమానితో మాట్లాడువారెవరు? రాత్రి పదకొండు గంటలకు పని ముగించిన స్త్రీ ఇంటికెట్లు చేరును? మొదటి నెలలోనే విసిగి మానివేసిన యువకుని ఇంటికి ఎవరు వెళ్లుదురు? సంఘము చేయవలసినది అక్కడనే యున్నది.

తిబెరియ సముద్రతీరమున, రాత్రంతయు వలవేసి ఏమియు పట్టలేకపోయిన శిష్యుల కొరకు ప్రభువు నిప్పులమీద చేపలు సిద్ధపరచెను. వంటపని తక్కువ పనియని ఆయన ఎంచలేదు. మనమును ఎంచకుందుము.

వచ్చు క్రిస్మసు విందు లెక్కలలో షామియానా, మైకు, పువ్వుల క్రింద మరియొక వరుస చేర్చుదము: వంటవారి కూలి. అక్కడనుండి ఆరంభింతము.