పొట్టుతోపాటు గింజ పోరాదు



ఇంటిపన్ను రసీదు, ఉద్యోగ ఇంటర్వ్యూ పిలుపు, పరీక్ష హాల్ టికెట్ - నగరవాసికి నేడు ఇవన్నీ ఈమెయిల్‌లోనే అందుతున్నాయి. వీటిలో ఏదైనా పొరపాటున స్పామ్‌లో పడితే, జీమెయిల్‌లో 30 రోజుల తరువాత దానంతటదే తొలగిపోతుంది. ప్రకటన ఒకటి ఇన్‌బాక్స్‌లోకి జొరబడితే పోయేది ఒక్క క్షణం. పిలుపు ఒకటి స్పామ్‌లో పడితే పోయేది ఒక ఉద్యోగం. ఫిల్టర్ నియమాలను సరిదిద్దేవారు మొదట గ్రహించవలసినది ఈ తారతమ్యాన్నే. 2002లో పాల్ గ్రాహం పదాల సంభావ్యతతో స్పామ్‌ను గుర్తించే పద్ధతిని వివరిస్తూ, మంచి ఉత్తరాలలోని పదాల లెక్కను రెట్టింపు చేయడం ఇందుకే.

సంస్థల సర్వర్లలో వాడే స్పామ్‌అసాసిన్ ఒక్కొక్క లక్షణానికి కొన్ని మార్కులు వేస్తుంది. సాధారణంగా మొత్తం 5కు చేరితే ఆ ఉత్తరం స్పామ్‌గా పరిగణింపబడుతుంది. అందువల్ల ఏ ఒక్క పదానికీ అధిక మార్కులు ఇవ్వరాదు. మోసపు ఉత్తరాలలో "లాటరీ" తరచుగా కనిపించే మాటే. కాని మహారాష్ట్రలో మ్హాడా ఇళ్ల కేటాయింపు జరిగేది కూడా లాటరీ పద్ధతిలోనే. ఆ ఒక్క మాటను బట్టి తీర్పు చెప్పే నియమం, ఇంటికోసం ఎదురుచూసే కుటుంబానికి వచ్చిన కబురును సైతం దాచివేయగలదు.

నిర్ణీత భాషలలో లేని ఉత్తరాలకు అదనపు మార్కులు వేసే ఏర్పాటు కూడా ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నది. ఒక కార్యాలయం ఆ జాబితాలో రాష్ట్రభాషను, ఆంగ్లాన్ని మాత్రమే ఉంచితే, తెలుగులో వ్రాసిన ఫిర్యాదు కేవలం భాష కారణంగానే అనుమానానికి గురికావచ్చు. బహుభాషా నగరంలో భాష నేరచిహ్నం కారాదు. స్థానికుల భాషలన్నిటికీ ఆ జాబితాలో చోటుండాలి.

కొత్త నియమం ఏదైనా మొదట ఉత్తరాలపై గుర్తు వేయడానికే పరిమితం కావాలి, తొలగించడానికి కాదు. పాత మంచి ఉత్తరాలపై దానిని పరీక్షించాలి. ఒకసారి ఒక్క నియమాన్నే మార్చాలి. నమ్మదగిన చిరునామాల జాబితా మేలైనదే. అయితే పంపినవారి చిరునామాను అనుకరించడం సులభం. కనుక పంపిన సర్వరు అధికారాన్ని చూసే ఎస్‌పీఎఫ్, ఉత్తరంపై సాంకేతిక సంతకాన్ని చూసే డీకిమ్ పరీక్షలలో నెగ్గిన ఉత్తరాలకే ఆ మినహాయింపు వర్తించాలి.

పౌరులు వారానికొకసారి స్పామ్ అరను పరిశీలించాలి. చిరునామాను సరిచూసి, మంచి ఉత్తరమైతే "స్పామ్ కాదు" అని గుర్తించాలి. ఆ గుర్తింపు వల్లనే ఫిల్టర్ క్రమంగా గింజను, పొట్టును వేరుచేయడం నేర్చుకుంటుంది.