వేఱుపడిన తల్లిదండ్రులు – బిడ్డల యాటపాటల వ్యయము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



బహువత్సరములు బడిలో తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్న మాకు విద్యార్థివేతనములనుగూర్చి మాటలాడుట సులభము. కాని మన గృహములలో మెల్లఁగా వినవచ్చుచున్నను సభలలో నెవ్వరును పలుకని యొక విషయమును నేఁడు మీ ముందుంచఁ దలఁచినాము. భార్యాభర్తలు వేఱుపడినపుడు, బిడ్డల యాటకు, సంగీతమునకు, నాట్యమునకు, ఈతకు నగు వ్యయము నెవరు భరింపవలయును?

మా బాల్యమున నీ ప్రశ్నయే లేదు. ఆడుకొనుటకు చింతచెట్టు నీడయు, చెఱువుగట్టును చాలియుండెను. నేఁడు నగరము మొయినాబాదును దాఁటి చేవెళ్ళవైపునకు వచ్చుచున్నది. దానివెంట క్రికెట్టు శిక్షణయు, నాట్యశాలలును వచ్చినవి. వానివెంట రుసుములును వచ్చినవి. ఇది స్వల్పవిషయమని కొందఱు నవ్వవచ్చును. మేమును ఒకప్పు డట్లే తలఁచితిమి. ఆ తలంపువలన జరిగిన మా తప్పును ముందుగా నొప్పుకొందుము.

కొన్ని యేండ్ల క్రిందట మనవారిలో నొక దంపతులు వేఱుపడిరి. తండ్రి చేవెళ్ళ ప్రాంతమున టమాటయు పూలును పండించు రైతు. తల్లి మొయినాబాదున నొక బడియం దుపాధ్యాయిని. పెద్దలము నలుగురము కూర్చుండి, బిడ్డ తల్లియొద్ద నుండవలెననియు, బడి ఫీజు తండ్రి కట్టవలెననియు, తిండి బట్టలు తల్లి చూచుకొనవలెననియు నిర్ణయించితిమి. ఆ కాగితమును వ్రాసిన చేయి మాది. పదునొకండేండ్ల యా బాలిక కూచిపూడి నేర్చుచున్నదని మాకుఁ దెలియును. అయినను దానినిగూర్చి యొక్క పంక్తియు వ్రాయలేదు.

నాట్యగురువునకు నెలకు 1,500 రూపాయలు. ప్రదర్శన దుస్తులకు మఱి 6,000 రూపాయలు. "నన్నడిగి చేర్పించినదా?" యని తండ్రి, "బిడ్డ నా యొక్కదానిదేనా?" యని తల్లి. ఈ మాటలను అటునిటు మోయు దూత ఆ పసిబిడ్డయే. తుద కొకనాఁడు కాళ్ళు నొప్పియని చెప్పి బాలిక నాట్యము మానెను. మేము పిలిచి యడుగఁగా, "నేను బంద్ చేస్తే వాళ్ళిద్దరు కొట్లాడరు గద, తాతా" అనెను. మేము తల వంచుకొంటిమి.

మహాజనులారా! సంస్కృతమున 'భృ' యను ధాతువున్నది. భరించుట, పోషించుట దాని యర్థము. భర్త, భార్య, భరణము – ఈ మూఁడు పదములును దానినుండియే పుట్టినవి. మొదటి రెండు పదములచేఁ జెప్పఁబడు సంబంధము తెగిపోయినను, మూఁడవది తెగదు. భార్యాభర్తలు వేఱుపడుదురు, తల్లిదండ్రులు వేఱుపడరు.

చట్టమును ఈ ధర్మమునే చెప్పుచున్నది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టమున 20వ సెక్షను మైనరు బిడ్డల పోషణభారమును తండ్రిపైనేగాక తల్లిపైనను ఉంచినది. మనోవర్తి యన నాహారము, వస్త్రము, నివాసము, విద్య, వైద్యము అని యా చట్టము చెప్పినది. ఆటపాటలను పేరెత్తి చెప్పలేదు. తగవులు పుట్టుటకు నిదియు నొక కారణము. 2000 సంవత్సరమున సుప్రీంకోర్టు, తల్లిదండ్రు లిద్దఱు నుద్యోగులైన యొక వ్యాజ్యమున, వారి జీతముల ననుసరించి బిడ్డల వ్యయమును 2:1 పాళ్ళలో భరింపవలెనని తీర్పు చెప్పినది. 2020 నవంబరు 4వ తేదీని ఆ న్యాయస్థానమే మఱియొక తీర్పున, విద్యకుఁ దోడ్పడు శిక్షణ తరగతుల వ్యయమును గూడ గణింపవలెననియు, పాఠ్యేతర తరగతుల కిచ్చు మొత్తము సముచితముగా నుండవలెఁ గాని దుబారా కాఁగూడదనియు, విద్యావ్యయము సాధారణముగా తండ్రిదే యైనను తల్లియుఁ జాలినంత యార్జించుచున్నచో పాలుచొప్పునఁ బంచుకొనవచ్చుననియు వివరించినది.

ఇఁక ఆచరణమార్గము. మొదటిది: జూను మాసమున బడులు తెఱచుటకు ముందే బిడ్డ కోరికను విని, ఆ యేటి పట్టికను వ్రాయవలెను. గురువు రుసుము, దుస్తులు, పరికరములు, ప్రయాణము – అన్నియు నందుండవలెను. పట్టికలోని దానికి ఇద్దఱును బాధ్యులు. దానిని మించి యొకరే కోరి చేర్పించినది వారిదే.

రెండవది: పాలు ఆదాయము ననుసరించి యుండవలెను. తండ్రికి ఏఁటికి 4,80,000, తల్లికి 2,40,000 వచ్చుననుకొందము. అప్పుడు 1,500 రూపాయల రుసుములో తండ్రి 1,000, తల్లి 500. దుస్తుల 6,000లో తండ్రి 4,000, తల్లి 2,000. ఆర్జనలేని తల్లిని ధనము అడుగరాదు. నిత్యము బిడ్డను సాఁకుటయే యామె పాలు.

మూఁడవది: రైతునకు నెలజీతము లేదు. ధర యున్ననాఁడు టమాట యిల్లు నింపును. లేనినాఁడు కోఁతకూలియు రాక చేనిలోనే కుళ్ళును. కావున మూఁడేండ్ల సరాసరి గైకొని, పంటసొమ్ము చేతికి వచ్చినపుడే కొన్ని నెలల పాలు ఒక్కసారిగా గురువునకుఁ జెల్లింపఁజేయుట మేలు.

నాల్గవది: రసీదులు పెద్దల నడుమనే తిరుగవలెను. బిడ్డచేత సొమ్మడిగింపరాదు, జవాబు చెప్పింపరాదు.

మన పెద్దల కాగితము న్యాయస్థానపు టాజ్ఞ కాదని మఱవరాదు. సమాధానము కుదురనిచో న్యాయస్థానము నాశ్రయింపవచ్చును. 1987 నాటి న్యాయసేవాధికారముల చట్టము ననుసరించి స్త్రీలకును బాలబాలికలకును ఉచిత న్యాయసహాయము లభించును.

ఆ కాగితమును మేము తిరుగ వ్రాసితిమి. తండ్రియు మాఱుమాటాడక సంతకము చేసెను. అతఁడు నిరాకరించినది బిడ్డను గాదు, తన్నడుగకుండుటను. బాలిక మరల గజ్జె కట్టినది. కాని నడుమ నొక సంవత్సరము పోయినది. తోడివారు ముందునకుఁ బోయిరి. ఆ సంవత్సరమును మేము తిరిగి యీయఁజాలము.

కావున మా విన్నప మొక్కటియే. ఇఁకమీఁద మన సంఘపెద్దలు వ్రాయు ప్రతి యొడంబడికయందును బిడ్డల యాటపాటలకొక పంక్తి యుండుఁగాక. పోషకమహాశయులు తమ సహాయమునకు బిడ్డల నెన్నుకొనునపు డిట్టివారిని మఱవకుందురుగాక. స్వస్తి.