చేతిలో పోగు, సంచిలో పుస్తకం

(పట్టు రీలింగ్ కార్మికుల సమావేశంలో యూనియన్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల నుంచి ఉన్న ఒక్క సెలవూ వదులుకుని వచ్చారు. కాబట్టి కొద్దిగానే మాట్లాడతాం.

“పని మీద ధ్యాస పెట్టండి” అని మనకు రోజూ చెప్పేవాళ్ళున్నారు. బేసిన్ ముందు కూర్చున్న మనిషికి ఆ మాట చెప్పాలా? ఉడికిన గూళ్ళలో కొస వెతికి పట్టాలి. ఒక్కో పోగుకు ఎనిమిదో పదో గూళ్ళు నడుస్తుంటాయి. ఒకటి అయిపోగానే మరొకటి అందించాలి, లేకపోతే పోగు సన్నబడుతుంది, ధర పడిపోతుంది. ఇలాంటి పోగులు కొన్నిటిని ఒకేసారి చూసుకునేవారికి ధ్యాస లేదనడం అన్యాయం. తెల్లవారకముందే లేచి నీళ్ళు పట్టి, వంట చేసి వచ్చిన అక్కకు, వేడినీళ్ళలో వేళ్ళు నాని, పురుగు వాసనకు తల తిరిగి, సాయంత్రానికి చూపు చెదిరితే అది సోమరితనమా? ఒక వారం గమనించండి. పొద్దున పోగు ఎన్నిసార్లు తెగింది, చీకటిపడేవేళ ఎన్నిసార్లు తెగింది? పని గంటల గురించి యజమానితో మాట్లాడే రోజున ఆ లెక్క మనకు పనికొస్తుంది.

ధ్యాసను తినేసేది ఇంకొకటుంది, అడ్వాన్సు. పెళ్ళికో ఆసుపత్రికో తీసుకున్నదానిలో ఎంత తీరిందో తెలియదు. చేతులు బేసిన్‌లో ఉంటాయి, మనసు ఆ అంకె చుట్టూ తిరుగుతుంది. మాలో కొందరం అలా ఏళ్ళు గడిపాం. లెక్క యజమాని పుస్తకంలోనే ఉన్నంతకాలం అది తరగలేదు.

అందుకని ప్రతివారి దగ్గరా ఒక చిన్న నోటుపుస్తకం ఉండాలి. పడుకోబోయే ముందు నాలుగు ముక్కలు రాయండి: ఎన్ని గంటలకు వెళ్ళాం, ఎన్నింటికి వదిలారు, చేతికెంత వచ్చింది, అడ్వాన్సు కింద ఎంత పట్టుకున్నారు. మన ఇళ్ళలో మాట తెలుగు, బడిలో చదివింది కన్నడం. ఏ అక్షరాల్లో రాసినా లెక్క లెక్కే. రాయడం రానివారు బడికెళ్ళే పిల్లల చేత రాయించండి. (ఆ పిల్లలను బేసిన్ దగ్గరికి మాత్రం తేవద్దని మళ్ళీ చెబుతున్నాం.)

అప్పు తీరేదాకా ఇంకోచోటికి కదలకూడదని కట్టిపడేస్తే అది వెట్టి. 1976 నాటి చట్టం దాన్ని రద్దు చేసింది, ఆ అప్పునూ కొట్టేసింది. కానీ మాటకు రుజువు కావాలి. పైగా 1948 ఫ్యాక్టరీల చట్టం కింద కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అయ్యేది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన కోడ్‌లో అది ఇరవై అయింది. మన చిన్న యూనిట్లకు ఇన్‌స్పెక్టరు వస్తాడని ఎదురుచూడటం ఇంకా దండగ.

వచ్చే సమావేశానికి పుస్తకాలు తీసుకురండి. కలిసి కూర్చుని ఒకే యూనిట్‌వారి లెక్కలు పక్కపక్కన పెట్టి చూద్దాం. బాగేపల్లి బస్సుకు పోవలసినవారివి ముందు చూస్తాం.